ఇరవై నాలుగు డబ్బాలు, ఇరవై ఎనిమిది సొర ముక్కలు

ఆ తుఫానులో మా ఇంటికి పోయినవి ఇవి. తాటాకు కప్పు మొత్తం. తూర్పు గోడ మొత్తం, దక్షిణపు గోడ సగం. బియ్యం బస్తాన్నర. పదకొండు కోళ్ళలో తొమ్మిది. పాలిచ్చే మేక ఒకటి, దాని పిల్లలు రెండు. చింతపండు కుండ, కారం కుండ, పచ్చడి జాడీలు మూడు. నా పెళ్ళినాటి చీరలు రెండు. వసారాలో దూలానికి కట్టిన ఎండు మాంసం దండలు నాలుగు. దండకి నలభై చొప్పున నూట అరవై తునకలు. మా ఆడబిడ్డ కోసం చేయించిన బాలింత కాయం సీసా ఒకటి. అందులో రెండు చెంచాలే వాడాం. మనుషులెవరూ పోలేదు. అందుకే ఇంత తాపీగా వరస పెట్టి చెప్పగలుగుతున్నాను.

ఈ పట్టీలో ఇంకొకటి ఉంది. అది వస్తువు కాదు గనక ఎక్కడ రాయాలో చాలాకాలం తోచలేదు. మా ఆడబిడ్డ పుట్టింటికి కానుపుకి వచ్చి అప్పటికి పన్నెండు రోజుల పాపతో ఉంది. గాలి తగ్గిన మూడో రోజుకి ఆమెకు పాలు ఆగిపోయాయి. మేక పోయింది. ఊళ్ళో గేదెలు చాలా మటుకు పోయాయి, మిగిలినవి బెదిరి పాలు చేపడం లేదు. పాలపొడి కావాలంటే రేపల్లె వెళ్ళాలి, రేపల్లెకి దారి లేదు. ఆ పాప బతకాలంటే తల్లి దగ్గర పాలు పడాలి. ఆ పది రోజులూ మేం చేసిన వంటంతా దీని చుట్టూనే తిరిగింది.

నేను పుట్టింది తెనాలిలో. నాన్న బియ్యం మిల్లులో బస్తాలు మోసేవాడు. నా చదువు ఆరో తరగతితో ఆగింది గానీ లెక్క ఆగలేదు. ఎవరూ కూర్చోబెట్టి నేర్పింది కాదు, అమ్మ వంట చూస్తూ నేర్చుకున్నది. ఎనభైలలో మా ఇంట్లో ఎనిమిది మందిమి. అమ్మ వారానికి ఒక గ్లాసు రొయ్యపొట్టు కొనేది. ఎండు రొయ్యలు ఒలిచి అమ్ముకున్నాక గంప అడుగున తలలూ తోకలూ పొట్టూ మిగులుతాయి. దాన్ని కొనేవాళ్ళకి చిన్నతనం లేకపోతే అంతకంటే చవకైనది బజారులో లేదు. అమ్మ దాన్ని చాటలో చెరిగి, ఇసుక పోగొట్టి, మూకుడులో కమ్మగా వేయించి, చేత్తో నలిపి వంకాయ కూరలో చల్లేది. గ్లాసు పొట్టు నాలుగు కూరలకి రావాలి, కూర ఎనిమిది కంచాలకి రావాలి. అంటే గ్లాసుకి ముప్ఫై రెండు కంచాలు. ఈ లెక్క నాకు తొమ్మిదేళ్ళప్పుడు పొయ్యి దగ్గరే తట్టింది. అమ్మకి చెబితే, "లెక్క బాగానే ఉంది, నీ కంచంలో పొట్టు తగ్గిందనా చెప్పటం?" అంది.

ఆ కూర ఉన్న రోజున నాన్న మిల్లు నుంచి వచ్చి చేతులు కడుక్కుంటూనే పాట అందుకునేవాడు. మాంసం తిన్న రోజున పాడినట్టు నాకు గుర్తు లేదు.

పెళ్ళయ్యాక రేపల్లె అవతల, సముద్రం వైపున్న ఊరికి వెళ్ళాను. అక్కడ మా అత్తగారి చేతిలో అదే విద్య ఇంకో రూపంలో కనిపించింది. క్రిస్మస్‌కి, ఈస్టర్‌కి పెద్దకూర తెచ్చినప్పుడు ఆవిడ పండగ రోజుకి సగమే వండేది. మిగతాది పొడుగ్గా, సన్నగా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి, తాడుకి గుచ్చి ఎండలో కట్టేది. అవే తునకలు. వానలు పట్టి కూలి పనులు లేని రోజున నాలుగు తునకలు దించి, వేడినీళ్ళలో నానబెట్టి, రోట్లో చిదిమి, ఇంత ఉప్పేసి గంటసేపు ఉడకబెట్టి, గోంగూరలోనో దోసకాయలోనో వేస్తే ఇంటిల్లిపాదికీ పూట గడిచేది. తునకకి ఒక మనిషి. అత్తగారు అంకెలు చదువుకోలేదు. అయినా ఆవిడ దండ వంక చూసి "ఆషాఢం దాకా వస్తుంది" అంటే ఆషాఢం దాకా వచ్చేది.

ఎనభైలు ముగిసి తొంభైలు మొదలవుతున్న ఒక వేసవిలో ఆ తుఫాను వచ్చింది. పెళ్ళయి అప్పటికి నాకు రెండో ఏడు. గాలి మొదలవగానే మా గుడి, అంటే చర్చి, పక్కన స్లాబు వేసిన బడి ఉంటే అందులోకి వెళ్ళాం. రెండు గదులు, ఒక వరండా. మా పేట వాళ్ళం పదముగ్గురం ఒక గదిలో. సముద్రం ఒడ్డు గుడిసెల నుంచి పరుగెత్తి వచ్చిన చేపల వేట కుటుంబాలు పద్దెనిమిది మంది రెండో గదిలో. మొత్తం ముప్ఫై ఒక్క మందిమి, బాలింతనీ పాపనీ కలపకుండా. మొదటి మూడు రోజులూ తడిసిన బియ్యం ఏరుకొచ్చి గంజి కాచుకున్నాం. ఊరి చుట్టూ తోటలు రాలిపోయి ఎక్కడ చూసినా పచ్చి మామిడికాయలే. బడి మాస్టారి ఇంట్లో ఉప్పు ఉంది. గంజి, ఉప్పు, మామిడికాయ.

నాలుగో రోజు మధ్యాహ్నం నీళ్ళలో పడుతూ లేస్తూ ఒక ట్రాక్టరు వచ్చింది. బియ్యం రెండు బస్తాలు, కందిపప్పు ఐదు కిలోలు, కొంచెం నూనె, పసుపు, కారం, ఉల్లిపాయలు, ఒక అట్టపెట్టె దింపి వెళ్ళారు. పెట్టెలో రేకు డబ్బాలు ఇరవై నాలుగు. ఒకవైపు వెడల్పు, ఒకవైపు సన్నం. పక్కన చిన్న తాళంచెవి లాంటిది అంటించి ఉంది. దేనికో తెలియక వాటిని ఊడబీకి పిల్లలకి ఆడుకోమని ఇచ్చేశాం.

రెండో గదిలోంచి చేపల పిన్ని వచ్చి డబ్బా ఒకటి చేతిలోకి తీసుకుంది. ఆవిడ ఏళ్ళ తరబడి మా పేటకి గంపతో చేపలు తెచ్చేది. అత్తగారూ ఆవిడా ఒకరినొకరు వదినా అనుకునేవాళ్ళు. గంప ముందు కూర్చుంటే మాత్రం బద్ధశత్రువుల్లా బేరమాడేవాళ్ళు.

"ఏంటి వదినా ఇది? లోపల ఏదో కదులుతోంది."

"మాంసమంట. ట్రాక్టరు అబ్బాయి చెప్పాడు."

"ఏం మాంసం?"

"ఏమో వదినా. బొమ్మన్నా లేదు దీనిమీద."

"తెలీకుండా ఎట్టా తింటాం?"

"తెలీకుండా నేనెట్టా పెడతాను నీకు? ఆగు." అత్తగారు మా ఆయన్ని పంపి మాస్టారిని పిలిపించింది.

మాస్టారు కళ్ళజోడు పోగొట్టుకున్నారు. డబ్బాని ముక్కు దాకా తెచ్చుకుని చదివారు. "బీఫ్ అని ఉందమ్మా. మూడు వందల నలభై గ్రాములు."

అత్తగారు చేపల పిన్ని వైపు తిరిగింది. "పెద్దకూర వదినా. ఇది మాకు. మీ పొయ్యి ఆ చివర పెట్టుకోండి. గరిటె కూడా కలవనివ్వను." అని మా గరిటెలకి ఎర్ర దారం కట్టేసింది. తర్వాత పప్పు మూట మోసుకెళ్ళి రెండో గది గడపలో దించింది. "మాంసం మాకైతే పప్పు మీకు."

"అంతా ఎందుకమ్మా, సగం ఉంచుకో."

"సగం ఉంచుకుంటే నాకు ముద్ద దిగదు. తీసుకుపో."

ఆ సాయంత్రం నేను లెక్క కట్టి చూశాను. ఇరవై నాలుగు డబ్బాల మాంసం ఎనిమిది కిలోల పైచిలుకు. పదముగ్గురికి పంచితే మనిషికి ఆరు వందల ముప్ఫై గ్రాములకు కొంచెం తక్కువ. పప్పు పద్దెనిమిది మందికి పంచితే మనిషికి రెండు వందల ఎనభైకి కొంచెం తక్కువ. కానీ ఉడికితే మూడింతలవుతుంది. ఎటు చూసినా ఎవరికీ అన్యాయం లేదు. గ్రామంటే ఏమిటో తెలియని మనిషి రెండు మూటలు చేత్తో ఎత్తి చూసి చేసిన పంపకం అది. నాకు అయ్యేసరికి పొద్దుగూకింది.

ఇక డబ్బా తెరవాలి. మా ఆయన కొడవలితో నరికాడు. లోపల ఎర్రగా, గట్టిగా, సబ్బుబిళ్ళలా ఒక ముద్ద, దాని చుట్టూ పేరుకున్న కొవ్వు. అత్తగారు వాసన చూసి, ఆలోచించి, తేల్చేసింది: "నిలవ మాంసమేగా. మన తునకల్లాంటిదే. గట్టిగా ఉంది, బాగా ఉడకాలి." ఆరు డబ్బాలు పెద్ద తపేలాలో వేసి, నీళ్ళు పోసి, పసుపు వేసి, గుప్పెడు ఉప్పు కూడా వేసింది. గంటన్నర ఉడకబెట్టింది.

మూత తీస్తే ముక్క లేదు. తపేలా నిండా ఎర్రటి జావ. నేను ఒక చుక్క నాలిక్కి రాసుకున్నాను. సముద్రం నీళ్ళు.

గదిలో అందరూ మమ్మల్నే చూస్తున్నారు. ఆరు డబ్బాలంటే ఉన్నదాంట్లో నాలుగో వంతు. నేను ఆ మాట పైకి అనేశాను కూడా. అత్తగారు నా వంక ఒక చూపు చూసి, "వంతులు తర్వాత. మామిడికాయలు ఏరుకురా, ఇరవై. బాగా పుల్లటివి," అంది.

ఆ కాయల్ని చెక్కు తీయకుండా ముక్కలు కోసి జావలో వేసింది. ఉల్లిపాయలు దండిగా వేయించి కలిపింది. ఇంకో రెండు చెంబుల నీళ్ళు. కారం. పులుపు ఉప్పుని పట్టుకుంది, ఉప్పు పులుపుని పట్టుకుంది, కొవ్వు పైకి తేలి మెరిసింది. వేడన్నంలో పోసుకుంటే, మూడు రోజులు గంజి తాగిన నోటికి అది ఎలా ఉందో రాయడానికి నాకు చేతనైన భాష చాలదు. ఆ తపేలా ఆ రాత్రికీ, మర్నాడు పొద్దుటికీ వచ్చింది. ఆ పొరపాటు చెయ్యకపోయి ఉంటే ఆరు డబ్బాలు ఒక్క పూటకే అయిపోయేవి. మర్నాటి నుంచి అత్తగారు రోజుకి రెండు డబ్బాలే తీసేది. ఉప్పు మానేసి, మిగతాదంతా ఆ పొరపాటు ప్రకారమే వండేది. పద్దెనిమిది డబ్బాలు తొమ్మిది రోజులు.

మా ఆడబిడ్డకి మాత్రం అందులోంచి ఒక్క చెంచా కూడా ఇవ్వలేదు.

"అమ్మా, వాసనకే ప్రాణం పోతోందే. కొంచెం పులుసైనా పొయ్యి."

"పచ్చి బాలింతవి. ఏ దేశం మాంసమో, ఆ డబ్బాలో ఎన్నాళ్ళ నుంచి ఉందో. పైగా మామిడికాయ. పెడితే పిల్లకి కడుపునొప్పి రాదా?"

"పిల్లకి రావడానికి నా దగ్గర పాలుంటేగా!"

ఆ మాటకి గదిలో ఎవరూ నవ్వలేదు. పాప అప్పటికి ఏడుపు మానేసి మూలుగుతోంది. గొంతు బొంగురుపోయింది. కాచి చల్లార్చిన నీళ్ళు గుడ్డ కొసతో నోట్లో పిండుతున్నాం. నేను పాప తడిపిన గుడ్డలు లెక్కపెడుతున్నాను. పుట్టిన వారానికి రోజుకి ఎనిమిదో తొమ్మిదో ఉండేవి. నాలుగో రోజున రెండు. ఎంత పాలు లోపలికి పోతోందో చూడటానికి నాకు తెలిసిన కొలత అదొక్కటే. ఆ రెండు ఎవరికీ చెప్పలేదు. ఒక్క అత్తగారికే చెప్పాను.

ఐదో రోజు తెల్లారి చేపల పిన్ని మా గది గుమ్మంలో నిలబడింది. చంకలో ఒక బిస్కెట్ల డబ్బా, దానిచుట్టూ వల ముక్కతో కట్టిన కట్టు. ఇల్లు కూలుతున్నప్పుడు ఆవిడ చేత్తో పట్టుకుని పరుగెత్తినది అదొక్కటే అని తర్వాత తెలిసింది.

"వదినా, పిల్లకి పాలు లేవా?"

అత్తగారు పాప మీది గుడ్డ సర్దింది.

"నాకెందుకు చెప్పలేదు? నీ దగ్గర చేపకి రూపాయి ఎక్కువ తీసుకున్నాననా?"

డబ్బా మూత తీసింది. లోపల అరచేతంత పొడుగున్న ఎండు సొరచేప ముక్కలు. మా వైపు బాలింతకి పాలు పడాలంటే సొర పెడతారు. పచ్చిది దొరికితే పచ్చిది, లేకపోతే ఉప్పు తక్కువ వేసి ప్రత్యేకంగా ఎండబెట్టినది. ఇది ఆ రకం. ఊరికే అమ్మకానికి ఎండబెట్టినది కాదని చూస్తేనే తెలుస్తుంది.

"ఇది నీ కూతురి కోసం దాచుకున్నావు," అంది అత్తగారు. పిన్ని కూతురు అప్పుడు ఆరు నెలలు నిండిన కడుపుతో ఆ రెండో గదిలోనే ఉంది.

"అవును."

"వద్దమ్మా. దాని నోటి దగ్గరది తీసి నేను..."

"నా కూతురికి ఇంకా మూడు నెలలుంది. నీ మనవరాలికి ఈ పూట లేదు. వేడినీళ్ళు పెట్టించు."

అత్తగారు చెంగుతో మొహం తుడుచుకుంది. బేరంలో ఓడిపోయినప్పుడు కూడా ఆవిడ అలాగే తుడుచుకునేది. "ఊరికే తీసుకోం. ఒసే కోడలా, ముక్కలు లెక్కపెట్టు. ఎన్ని వాడితే అన్ని తిరిగిస్తాం."

"ఇద్దువుగాని. కానీ నా మాట ఒకటి. డబ్బులిస్తానంటే తీసుకోను, బియ్యం ఇస్తానన్నా తీసుకోను. సొరే ఇవ్వాలి. అదైనా మా ఇంట్లో బాలింత ఉన్నప్పుడే తీసుకుంటాను. లేనప్పుడు తెస్తే గంపలో వేసి నీకే అమ్ముతాను, చూసుకో!"

ఆ మాటకి మా ఆడబిడ్డ నవ్వింది. గాలి మొదలైన రోజు నుంచి ఆమె నవ్వడం అదే మొదలు.

వండింది పిన్నే. ముక్కల్ని వేడినీళ్ళలో నానబెట్టి, గరుకు తోలు కొబ్బరిపీచుతో తోమి, మళ్ళీ ఉడకబెట్టి, వేళ్ళతో పొడిపొడిగా విడదీసింది. మాస్టారి భార్య ఒక వెల్లుల్లిపాయ, పది మిరియాలు ఇచ్చారు. నూనెలో వెల్లుల్లి చిదిమి వేసి, ఆ పొడిని అందులో పొట్టులా వేయించింది. తీరా చూస్తే మా అమ్మ రొయ్యపొట్టు వేయించే తీరే. అదే మంట, అదే కదుపు, పచ్చివాసన పోయి కమ్మవాసన మొదలయ్యే ఆ క్షణాన్ని పట్టుకునే అదే ముక్కు. దించే ముందు తనే ఒక పిసరు నోట్లో వేసుకుని చూసి, "ఉప్పు లేదు. బాలింతకి ఇట్టాగే ఉండాలి. వంక పెట్టకుండా తిను," అంది ఆడబిడ్డతో. మొదటి రోజు నాలుగు ముక్కలు వండింది. తర్వాత ఎనిమిది రోజులు రోజుకి మూడు.

ఆ వండే చోటు కూడా పిన్ని ఆలోచించే పెట్టింది. మా పొయ్యి మీద కాదు, తన పొయ్యి మీద. ఎర్ర దారం కట్టిన గరిటె దగ్గరికి రాకుండా తనే కంచంలో తెచ్చి ఇచ్చేది. మా అత్తగారు వాళ్ళ నియమం ఎలా కాపాడిందో, మా బాలింత పథ్యం ఆవిడ అలా కాపాడింది. ఇది నాకు అప్పుడు తట్టలేదు. లెక్కల మనిషికి కొన్ని కూడికలు ఆలస్యంగా కుదురుతాయి.

తడిగుడ్డలు: ఐదో రోజు రెండు. ఆరో రోజు మూడు. ఏడో రోజు సాయంత్రానికి ఐదు. ఆ సాయంత్రం ఆడబిడ్డ జాకెట్టు ముందు తడిసి ఉంటే, చెంబు తొణికిందేమో అనుకున్నాను. చెంబు అక్కడ లేదు. పాప ఆ రాత్రి రెండు గంటలు ఆపకుండా నిద్రపోయింది. అత్తగారు మాత్రం కూర్చునే ఉంది, పాప నిద్రపోయినందుకు భయపడి మాటిమాటికీ ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తూ. తొమ్మిదో రోజుకి తడిగుడ్డలు తొమ్మిది.

సొర వల్లనా, కడుపు నిండినందువల్లనా, ఆ రోజు నవ్విన నవ్వు వల్లనా అంటే నేను విడదీసి చెప్పలేను. ఏది ఎంత పనిచేసిందో తేల్చే లెక్క నాకు రాదు. పిన్నిని అడిగితే, "సొర వల్లే, ఇంకేంటి? నీకు అనుమానమైతే నీ కానుపుకి పెట్టనులే," అంది.

పదమూడో రోజుకి దారి పడింది. డబ్బాలు సరిగ్గా ఆ రోజే అయిపోయాయి. పిన్ని బిస్కెట్ల డబ్బాలోంచి వాడినవి ఇరవై ఎనిమిది ముక్కలు. నేను బడి గోడ మీద బొగ్గుతో గీసిన గీతలూ అంతే, పిన్ని వల తాడుకి వేసుకున్న ముడులూ అంతే. ఇద్దరం సరిచూసుకున్నాం.

రెండేళ్ళ తర్వాత మా ఆయనకి బాపట్లలో పని దొరికితే అక్కడికి మారాం. నేను ఒక ఆడపిల్లల హాస్టల్లో వంటకి చేరాను. ఎనభై మంది. కొలత తప్పకుండా వండుతానని పేరొచ్చింది గానీ, ఆ కొలతలు రోజుకి రెండు డబ్బాల దగ్గర నేర్చుకున్నవని అక్కడ ఎవరికీ తెలియదు. ఆ హాస్టలుకి ఒక వేసవిలో పిల్లల ఆరోగ్యం చూడటానికి పరాయి దేశం నుంచి ఒక పెద్దావిడ వచ్చి కొన్నాళ్ళు ఉంది. అరవై దాటిన నర్సు. తెలుగు ముక్కలు ముక్కలుగా మాట్లాడేది. మేం దొరసానమ్మా అంటే, వద్దు అక్క అనండి అనేది. ఆవిడ పెట్టెలో అవే డబ్బాలు రెండున్నాయి.

అప్పుడు మా అత్తగారు రేపల్లెలో రైలెక్కి, తెనాలిలో మారి, నన్ను చూడటానికి వచ్చి ఉంది. డబ్బా చూడగానే గుర్తుపట్టింది. ఆ పెద్దావిడ పక్కనున్న తాళంచెవి ఊడదీసి, డబ్బా అంచున పొడుచుకొచ్చిన రేకు నాలుకకి తగిలించి, గడియారానికి కీ ఇచ్చినట్టు తిప్పింది. రేకు చుట్టచుట్టుకుంటూ వచ్చేసింది. అత్తగారు నోరు తెరుచుకుని చూసింది.

"ఇదా సంగతి! ఇరవై నాలుగు తాళాలు పిల్లలకిచ్చేసి కొడవలితో నరికాం కదే!"

ఆ పెద్దావిడకి ఈ కథ చెప్పాను. గంటన్నర ఉడకబెట్టామంటే కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. అది ముందే ఉడికిన మాంసమట, అలాగే తినొచ్చట. తర్వాత తన ఇంటి సంగతి చెప్పింది. వాళ్ళ నాన్నకి ఫ్యాక్టరీ పని పోయిన ఏడాది, ఇంట్లో ఎనిమిది మంది, వారానికి ఒక్క డబ్బా. వాళ్ళమ్మ బంగాళాదుంపలు సన్నగా తరిగి, ఉల్లిపాయతో వేయించి, ఆ మాంసాన్ని చిదిమి కలిపి, అడుగు మాడి అట్టు కట్టే దాకా వదిలేసేదట. ఆ మాడు ఎవరికి రావాలని పిల్లలు కొట్టుకునేవాళ్ళట. ఇప్పుడు డబ్బున్నా, ఒంట్లో బాగా లేకపోతే అదే తినాలనిపిస్తుందట. అందుకే పెట్టెలో పెట్టుకుని తిరుగుతోంది.

మర్నాడు ఆవిడ ఒక డబ్బా వాళ్ళమ్మ పద్ధతిలో చేసింది, అత్తగారు ఒక డబ్బా మామిడికాయ వేసి చేసింది. ఆవిడ అన్నంలో కలుపుకుని మూడుసార్లు పెట్టించుకుంది. చివరికి చెయ్యి నాకుతూ, "మా అమ్మకి ఈ పుల్ల కాయ దొరకలేదు. పాపం," అంది. మాడు ముక్క నేనూ అత్తగారూ పంచుకున్నాం. దానికోసం కొట్టుకోవడంలో తప్పేమీ లేదు.

నేను ఊరుకోలేక లెక్క చెప్పాను: ఆవిడ అమ్మ ఒక డబ్బా ఎనిమిది మందికి పెట్టింది, మా అత్తగారు రెండు డబ్బాలు పదముగ్గురికి పెట్టింది, కాబట్టి గెలుపు ఆవిడ అమ్మదే. అత్తగారికి కోపమొచ్చింది. "మేం రెండు పూటలు తిన్నాం. సరిగ్గా కట్టు." నిజమే. రెండు డబ్బాలకి ఇరవై ఆరు కంచాలు, డబ్బాకి పదమూడు. ఆవిడ చెయ్యెత్తి మా అత్తగారికి దణ్ణం పెట్టింది.

ఇక సొర సంగతి. తుఫాను వచ్చిన ఏడాదే మూడు నెలలకి పిన్ని కూతురికి కానుపయింది. అత్తగారూ నేనూ పది ముక్కలు తీసుకుని వెళ్ళాం. కొత్తగా వేసిన గుడిసె, మట్టి ఇంకా పచ్చిగా ఉంది. పిన్ని ఒక్కో ముక్కా విరిచి, వాసన చూసి, ఆరు తీసుకుని నాలుగు వెనక్కిచ్చింది. "ఇవి ఎండ చాల్లేదు. బాలింతకి పనికిరావు. ఎవడు అమ్మాడు నీకు? నా దగ్గర కొనుక్కోవాల్సింది!" తన బాకీ తీర్చడానికి తన దగ్గరే కొనాలన్నమాట. అత్తగారు దారంతా నవ్వుతూనే ఉంది.

బాపట్ల వచ్చాక పిన్ని పెద్ద కోడలు ప్రసవించిందని కబురొస్తే, ఈసారి నేనే సముద్రపొడ్డుకి వెళ్ళి, పచ్చి సొర కొని, ఉప్పు తక్కువ వేసి, డాబా మీద నాలుగు రోజులు ఎండబెట్టి, ఎనిమిది ముక్కలు పట్టుకెళ్ళాను. ఎనిమిదీ తీసుకుంది. ఒకటి విరిచి చూసి, "నేర్చుకున్నావే," అంది. హాస్టల్లో ఎనభై మంది మెచ్చుకున్నా నాకు అంత సంతోషం కలగలేదు.

ఆరూ ఎనిమిదీ పద్నాలుగు. తొంభైలు అయిపోవస్తుండగా చిన్న కోడలికి నెలలు నిండాయని విని మిగిలినవి ఎండబెట్టి తీసుకువెళ్ళాను. గుడిసెల చోట రొయ్యల చెరువు గట్టు ఉంది. పిన్ని కొడుకులు పడవ అమ్ముకుని ఇంటిల్లిపాదినీ తీసుకుని ఉత్తరంగా వెళ్ళారని చెరువు కాపలా మనిషి చెప్పాడు. కాకినాడ దాటి అని ఒకరన్నారు, ఒడిశా అని ఒకరన్నారు. రెండుసార్లు మనుషుల చేత అడిగించాను. తెలియలేదు.

అత్తగారు బతికున్నన్నాళ్ళూ ఏడాదికోసారి అడిగేది: "ఎంత ఉందే?" నేను చెప్పేదాన్ని. "ఇంకెవరికైనా బాలింతకి పెట్టేద్దాం అత్తయ్యా, తీరినట్టే" అంటే ఒప్పుకునేది కాదు. "పెట్టు. ఎవరు వద్దన్నారు? కానీ అది ఇందులో కలపకు. ఆవిడ తన కూతురి నోటి దగ్గరది తీసి ఇచ్చింది."

కలపలేదు. ఆనాటి పాపకి ఇప్పుడు ఇద్దరు పిల్లలు. రెండు కానుపులకీ సొర నేనే ఎండబెట్టాను, నేనే వేయించాను. పాలు పుష్కలంగా పడ్డాయి. హాస్టలు వీధిలో ఇంకో ఐదుగురు బాలింతలకి పెట్టాను. ఆ ముక్కలకి వేరే లెక్క ఉంది, అది నాకూ దేవుడికీ మధ్య ఉన్నది. పిన్ని పేరున ఉన్న లెక్క మాత్రం అప్పుడు ఆగిన చోటే ఉంది. ఇరవై ఎనిమిదిలో పద్నాలుగు పోను, ఈనాటికీ ఇవ్వవలసింది పద్నాలుగు ముక్కలు.